కూలికి ఆడినవాడు: ఫెర్గస్ సూటర్

జీవితచరిత్రలు సాధారణంగా రాజులను గురించి, కవులను గురించి, మతాచార్యులను గురించి, దేశనాయకులను గురించి వెలువడుతూ ఉంటవి. ఆటగాళ్ల చరిత్రలు అరుదు. ఆ అరుదైనవానిలో కూడ గోలు కొట్టినవానికి దక్కిన కీర్తి గోలు పడకుండ ఆపినవానికి దక్కదు. చేనికి కంచె ఎంత అవసరమో రైతుకు తెలుసు. కాని కోతలనాడు కంచెను తలచుకొని మెచ్చుకొనేవాడు కనిపించడు. ఫుట్‌బాల్ ఆటలో వెనుక వరుసన నిలిచి ఎదుటివారి దాడిని అడ్డగించే బ్యాకు ఆటగాడు అట్టి కంచె వంటివాడు.

స్కాట్లండు దేశంలో పుట్టి, ఇంగ్లండులో పేరు గడించిన ఫెర్గస్ సూటర్ అట్టి కంచె. అతడు తన దేశపు జట్టులో ఒక్కనాడైనా ఆడలేదు. పుస్తకం వ్రాయలేదు, ఉపన్యాసం చేయలేదు, ఉద్యమం నడపలేదు. ఐనప్పటికి ఫుట్‌బాల్ చరిత్ర వ్రాసేవాడెవ్వడూ అతని పేరు విడిచి ముందుకు పోలేడు. కారణం ఒక్కటే. ఆటకు డబ్బు పుచ్చుకొనడం అపరాధమై ఉన్న రోజులలో అతడు ఆటనే జీవనోపాధిగా స్వీకరించినాడు. నేర్చిన విద్యకు కూలి పుచ్చుకొనడం తప్పా, ఒప్పా అన్న ప్రశ్నకు అతని జీవితమే ఒక ఉదాహరణ. ఆ ప్రశ్న ఉపాధ్యాయులకు గాని, విద్యార్థులకు గాని పరాయిది కాదు.

ఉలి పట్టిన చేతులు

సూటర్ 1857 నవంబరు 21న గ్లాస్గో నగరంలో జన్మించినాడు. వయసు వచ్చిన తరువాత రాతిపని నేర్చినాడు. అప్పటి గ్లాస్గో నానాటికీ పెరుగుతున్న పట్టణం. నౌకలు కట్టే రేవులు, ఇనుప కర్మాగారాలు, వానిలో పనిచేసేవారి కొరకు వరుసలు వరుసలుగా లేస్తున్న రాతిమేడలు ఆ ఊరి రూపాన్నే మార్చుతున్నవి. ఉలి, సుత్తి పట్టగలిగినవానికి అక్కడ పనికి కొదవ లేదు.

ఆ నగరాన్ని ఆనుకొని పార్టిక్ అనే ఊరు ఉన్నది. ఇంగ్లండు, స్కాట్లండు జట్ల మధ్య మొట్టమొదటి అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీ 1872 నవంబరు 30న పార్టిక్‌లోని క్రికెట్ మైదానంలోనే జరిగింది. అప్పటికి సూటర్ పదునైదేండ్ల బాలుడు. పోటీ ఇరువైపులా గోలు లేకుండ ముగిసింది గాని, అందులో ఒక విశేషం బయటపడింది. ఇంగ్లండువారు బంతిని ఒక్కొక్కరే కాళ్లతో నడిపించుకొంటూ ఎదుటివారి గుంపులోనికి దూసుకొనిపోయేవారు. స్కాట్లండువారు దేహబలంలో కొంత తక్కువవారగుటచే బంతిని ఒకరికొకరు అందించుకొంటూ ముందుకు సాగే పద్ధతిని అలవరచుకొన్నారు. ఈనాడు ప్రపంచమంతటా ఆడుతున్న ఫుట్‌బాల్‌కు మూలం ఆ అందించుకొనే పద్ధతియే.

సూటర్ పార్టిక్ జట్టులో ఆడినాడు. ఈ జట్టు వేరు, తరువాత ప్రసిద్ధికెక్కిన పార్టిక్ థిసిల్ వేరు. అతని స్థానం వెనుక వరుస. ఆనాటి బ్యాకు పని ఎంత కష్టమైనదో నేటివారు ఊహించడం కొంచెం కష్టం. ఒక్కొక్క జట్టులో ఐదారుగురికి తక్కువ కాకుండ ముందువరుసలోనే ఉండేవారు. వారినందరినీ ఎదుర్కొనడానికి వెనుక మిగిలేవారు ఇద్దరు బ్యాకులు, గోలు కాచేవాడు మాత్రమే. గోలుకు వల లేదు. పెనాల్టీ కిక్కు అనేది లేదు. అవి రెండూ 1891లో వచ్చినవి. భుజంతో భుజాన్ని ఢీకొట్టి పడవేయడం ఆటలో అంగీకృతమైన విద్య. అట్టి స్థితిలో చాలమంది బ్యాకులు చేసిన పని ఒక్కటే, బంతి కాలికి తగిలిన వెంటనే చేతనైనంత దూరం తన్నివేయడం. స్కాట్లండు పద్ధతిలో పెరిగినవాడు మాత్రం బంతిని పొందిన తరువాత ఒక్క క్షణం నిలిచి, తనవాడు ఎక్కడ ఉన్నాడో చూచి, అతనికి అందేటట్లు పంపేవాడు. రాతిని ఎక్కడ కొట్టితే ఎక్కడ చీలుతుందో తెలిసిన పనివానికి ఆ ఓపిక సహజమే కావచ్చును.

1878 అక్టోబరులో సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంకు మూతపడింది. దానితోపాటు గ్లాస్గోలోని గృహనిర్మాణం కుప్పకూలినది. పని లేని కాసెవాడు పొట్ట చేత పట్టుకొని ఊరు విడిచిపోవడం ఏ దేశంలోనైనా జరిగేదే. ఆ సంవత్సరం ఆరంభంలో పార్టిక్ జట్టు ఇంగ్లండు వెళ్లి లాంకషైర్ మండలంలో పోటీలాడి వచ్చింది. అప్పుడు చూచిన ఒక చిన్న ఊరికే సూటర్ ఆ శరదృతువులో మరల ప్రయాణమైనాడు. ఆ ఊరి పేరు డార్వెన్.

ఇండియా మిల్లు నీడలో

డార్వెన్ బ్లాక్‌బర్న్ పట్టణానికి దక్షిణంగా కొలది మైళ్ల దూరాన కొండలనడుమ ఉన్న నూలుమిల్లుల ఊరు. 1860 ప్రాంతాలలో అక్కడ కట్టిన ఒక మిల్లు పొగగొట్టం మూడువందల అడుగుల ఎత్తున ఈనాటికీ నిలిచి ఉన్నది. ఆ మిల్లు పేరు ఇండియా మిల్లు. ఆ పేరు ఊరక పెట్టినది కాదు. బ్లాక్‌బర్న్ పరిసరాల మగ్గాలపై నేసిన గుడ్డలో మన దేశానికి వచ్చే ధోవతులు పెద్ద పాలు. మన నేతగాని మగ్గం మూలపడడానికీ, ఆ ఊళ్ల పొగగొట్టాలు లేవడానికీ గల సంబంధం చరిత్ర చదివిన ప్రతి విద్యార్థికీ తెలిసినదే.

ఐతే, ఆ మిల్లులలో పనిచేసినవారు కుబేరులు కారు. మన రాయలసీమ ప్రజలు ధాత కరువు అని పేర్కొనే 1876-78 నాటి మహాక్షామంలో భారతదేశం గుడ్డ కొనే శక్తిని కోల్పోయింది. లాంకషైర్‌లో వ్యాపారం మందగించడానికి అది కూడ ఒక కారణం. 1878 వసంతంలో యజమానులు నేతకార్మికుల కూలిని నూటికి పది వంతున తగ్గించినారు. కార్మికులు తొమ్మిది వారాలపాటు పని మానినారు. బ్లాక్‌బర్న్ సమీపాన యజమానుల సంఘనాయకుని ఇంటికి జనం నిప్పుపెట్టినారు. తుదకు కార్మికులే ఓడిపోయి తగ్గిన కూలికి పనిలో చేరినారు. సూటర్ డార్వెన్‌లో అడుగుపెట్టింది ఆ ఓటమి జరిగిన కొన్ని నెలలకే.

ఇట్టి ఊళ్లలో వారమంతా మగ్గాల హోరులో గడిపినవారికి శనివారం మధ్యాహ్నం లభించే తీరిక ఒక వరం వంటిది. చట్టం వలన వచ్చిన ఆ పూట సెలవే ఉత్తర ఇంగ్లండులో ఫుట్‌బాల్‌కు పుట్టిల్లు. ఊరి జట్టు గెలిస్తే ఊరు గెలిచినట్లు. కూలి తగ్గించిన యజమానిని గెలువలేకపోయినవారు ప్రక్క ఊరి జట్టునైనా గెలువవచ్చును గదా.

డార్వెన్ వచ్చిన సూటర్ మొదట రాతిపనిలోనే చేరినాడు. కాని త్వరలోనే ఆ పని మానివేసినాడు. స్కాట్లండు రాతికంటె ఇంగ్లండు రాయి గట్టిదనీ, దానిని చెక్కడం వలన చేతులు వాచిపోతున్నవనీ అతడు చెప్పుకొన్న కారణం. ఆ మాట ఎంతవరకు నిజమో ఆ రాతికే తెలియాలి. ఏ పనీ చేయకుండ అతడు సుఖంగా జీవిస్తూ ఉండడం మాత్రం ఊరంతా చూచింది. అతడెట్లు బ్రతుకుతున్నాడన్న ప్రశ్నకు సమాధానం అందరికీ తెలుసు. బయటికి చెప్పినవాడు లేడు.

చాలకాలం తరువాత సూటరే ఆ గుట్టు విప్పినాడు. నిర్ణీతమైన జీతమంటూ ఉండేది కాదు. అవసరం వచ్చినప్పుడు జట్టు కోశాధికారిని కలిసేవారు. ఒక్కొక్కప్పుడు మూడు వారాలు ఏమీ తీసుకొనక, ఆపైన ఒక్కసారిగా పది పౌండ్లు అడిగేవారు. ఇచ్చుటకు ఎన్నడూ అభ్యంతరం ఉండేది కాదు. ఇది అతడు చెప్పిన దాని సారాంశం. నేతకార్మికునికి వారానికి ఒక పౌండుకు అటూ ఇటూగా ముట్టే కాలంలో పది పౌండ్లు చిన్న మొత్తం కాదు.

ఈ మార్గంలో సూటరే మొదటివాడని నిశ్చయించి చెప్పడం సాధ్యం కాదు. జేమ్స్ లాంగ్ అనే మరియొక గ్లాస్గో ఆటగాడు 1876లోనే షెఫీల్డు వచ్చి, కత్తుల కర్మాగారంలో పేరుకు మాత్రమే ఒక ఉద్యోగం చేస్తూ ఆడినాడు. సూటర్‌తోపాటు పార్టిక్ నుండి డార్వెన్ చేరిన జిమ్మీ లవ్ కూడ అదే దారి త్రొక్కినాడు. లవ్ తరువాత సైన్యంలో చేరి 1882లో ఈజిప్టులో జ్వరంతో మరణించినాడు. దీర్ఘకాలం అదే వృత్తిలో నిలిచి, ఆ వృత్తి చట్టసమ్మతమయ్యేదాక ఆడినవాడు గనుకనే సూటర్ పేరు ముందు నిలిచింది.

1879లో డార్వెన్ జట్టు ఇంగ్లండు కప్పు పోటీలలో ఓల్డ్ ఈటోనియన్స్ జట్టును ఎదుర్కొన్నది. ఈటన్ పాఠశాల ప్రభువుల బిడ్డలు చదివే చోటు. అక్కడ చదివి వచ్చినవారి జట్టు అది. ఆ దశ పోటీలు లండనులోని కెన్నింగ్టన్ ఓవల్ మైదానంలోనే జరగాలని నియమం. రెండువందల మైళ్ల రైలు ప్రయాణం, దానికి తోడు పోయే కూలి. ఆట ముగియడానికి పావుగంట ఉన్నదనగా డార్వెన్ 1-5 గోళ్ల తేడాతో వెనుకబడి ఉన్నది. అక్కడినుండి నాలుగు గోళ్లు కొట్టి 5-5తో సమం చేసింది. అదనపు సమయం ఆడుదామంటే ఈటన్‌వారు అంగీకరించలేదు. డార్వెన్ ప్రజలు చందాలు వేసుకొని జట్టును రెండవసారి లండను పంపినారు. ఆ పోటీ 2-2. మూడవసారి పంపినారు. ప్రయాణాలతో అలసిన జట్టు 2-6తో ఓడిపోయింది. ఈటన్‌వారు ఆ సంవత్సరం కప్పు గెలిచినారు. ఐతే మిల్లుకూలీల జట్టు ప్రభువుల జట్టును మూడు పర్యాయాలు మైదానానికి రప్పించిందన్న వార్త దేశమంతటా ప్రాకింది.

ఊరు మారిన ఆటగాడు

ఇక్కడ సూటర్ చరిత్రలో అందరూ మెచ్చుకొనని ఘట్టం వస్తున్నది. 1880లో అతడు డార్వెన్ విడిచి బ్లాక్‌బర్న్ రోవర్స్ జట్టులో చేరినాడు. రోవర్స్ జట్టు 1875లో సంపన్న కుటుంబాల యువకులు స్థాపించినది. డార్వెన్‌కు అది ప్రక్క ఊరి జట్టు మాత్రమే కాదు, ఆగర్భ శత్రువు. సూటర్‌కు నూరు పౌండ్లు ముట్టినవని వదంతి పుట్టింది. అది నిజమని ఋజువు కాలేదు, అబద్ధమని ఎవరూ నమ్మలేదు.

డార్వెన్ ప్రజల కోపం అంతా ఇంతా కాదు. ఆ సంవత్సరం నవంబరులో రెండు జట్లూ బ్లాక్‌బర్న్‌లో తలపడినప్పుడు వేలకొలది జనం వచ్చినారు. సూటర్‌కూ, డార్వెన్ ఆటగాడొకనికీ మధ్య కలహం రేగి, ప్రేక్షకులు మైదానంలోనికి చొరబడగా, ఆట నడుమనే ఆగిపోయింది.

డార్వెన్‌వారి బాధను తేలికగా త్రోసివేయరాదు. కూలి తగ్గిన రోజులలో చందాలు వేసి పోషించిన ఊరు అది. పెట్టిన చేతిని కరిచినాడని వారికి అనిపించడంలో ఆశ్చర్యం లేదు. మరియొక వైపున సూటర్ పరిస్థితిని కూడ చూడవలసి ఉన్నది. అతడు డార్వెన్‌లో పుట్టలేదు. పని వెతుకుకొంటూ వచ్చినవాడు. ఇరువది రెండేండ్ల ప్రాయంలో ఉన్న బ్యాకు ఆటగానికి కాలు విరిగితే మరునాటి అన్నం ఎక్కడిది? రాతిపనివాడు ఒక మేస్త్రీని విడిచి హెచ్చుకూలి ఇచ్చే మరియొక మేస్త్రీ వద్దకు పోతే ద్రోహి అని ఎవరూ అనరు. ఆటగాడు పోతే మాత్రం ద్రోహి అంటారు. ఆటను పనిగా ఒప్పుకొననంతకాలం ఆ తేడా తప్పదు. ఊరి అభిమానం, మనిషి జీవనం రెండూ న్యాయమైనవే. అవి రెండూ ఎదురుపడినప్పుడు సూటర్ జీవనాన్ని ఎన్నుకొన్నాడు. దాని మూల్యం ఒక ఊరి ప్రేమ.

రోవర్స్ జట్టు 1882 మార్చి 25న కప్పు తుదిపోటీకి చేరింది. ఉత్తరదేశం నుండి అంతదూరం వెళ్లిన మొదటి జట్టు అదే. ఆ సంవత్సరమంతా ఓటమి ఎరుగక వచ్చిన ఆ జట్టు ఓవల్ మైదానంలో మరల ఆ ఓల్డ్ ఈటోనియన్స్ చేతిలోనే 0-1తో ఓడిపోయింది. గెలిచిన జట్టు నాయకుడు ఆర్థర్ కినేర్డ్ సంతోషం పట్టలేక మండపం ఎదుట తలక్రిందులుగా నిలిచినాడట. అతడు బ్యాంకు యజమానుల వంశంవాడు, తరువాత ప్రభువు బిరుదు పొంది, ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు చాలకాలం అధ్యక్షుడుగా ఉన్నవాడు. ఔత్సాహికుల జట్టు ఒకటి ఆ కప్పును గెలువడం అదే చివరిసారి.

మరుసటి సంవత్సరం కప్పు బ్లాక్‌బర్న్ చేరింది గాని, సూటర్ జట్టు చేతికి కాదు. అదే పట్టణంలోని బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే కార్మికుల జట్టు 1883 మార్చి 31న ఈటన్‌వారిని 2-1తో ఓడించింది. 2020లో ఆంగ్లంలో వెలువడి సూటర్ కథను లోకమంతటా పరిచితం చేసిన ధారావాహిక చిత్రం ఆ విజయాన్ని కూడ అతనికే అంటగట్టింది. కథకు అది సొంపు కావచ్చును, చరిత్రకు కాదు. సూటర్ విజయాలు అతనికి వేరే ఉన్నవి. రోవర్స్ జట్టు 1884లో స్కాట్లండు నుండి వచ్చిన క్వీన్స్ పార్క్‌ను 2-1తో, 1885లో మరల ఆ జట్టునే 2-0తో, 1886లో వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్‌ను రెండవ పోటీలో 2-0తో గెలిచి, వరుసగా మూడేండ్లు కప్పు నిలుపుకొన్నది. ఆ ఘనతకు గుర్తుగా అసోసియేషన్‌వారు వెండి డాలును బహూకరించినారు. ఆ మూడు తుదిపోటీలలోను సూటర్ వెనుక వరుసలో నిలిచినాడు. చివరి రెండేండ్లలో మూడు పోటీలు ఆడగా అతని కావలిలో ఒక్క గోలు కూడ పడలేదు.

బట్టబయలైన రహస్యం

ఈ విజయాల వెనుక ఒక రహస్యం నడుస్తూనే ఉన్నది. అసలు ఖర్చులు, ఆటవలన పోయిన కూలి తప్ప మరేమి పుచ్చుకొన్నా ఆటగాడు కప్పు పోటీలకు అనర్హుడని అసోసియేషన్‌వారు 1882లో నియమం చేసినారు. నియమం గ్రంథంలో ఉన్నది, డబ్బు చేతులు మారుతున్నది. లాంకషైర్ జట్లలో నిండిపోయిన స్కాట్లండు ఆటగాళ్లకు స్కాట్లండు ఆచార్యులని ఒక పేరు కూడ పుట్టింది. ఆ పేరు సార్థకమే. కలిసి ఆడడం ఎట్లో ఇంగ్లండుకు బోధించినవారు వారే. వారికి స్వదేశంలో దక్కినది మాత్రం బహిష్కారం. ఇంగ్లండు వెళ్లి ఆడుతున్నవారి పేర్లు పట్టిక వేసి స్కాట్లండు సంఘం 1884లో వారిని నిషేధించింది. సూటర్ దేశపు జట్టులో ఆడకపోవడంలో వింత లేదు.

1884 జనవరిలో ప్రెస్టన్ నార్త్ ఎండ్ జట్టుపై లండను జట్టొకటి ఫిర్యాదు చేసింది. ప్రెస్టన్ జట్టు నిర్వాహకుడు విలియం సడెల్ బొంకలేదు. మేము డబ్బు ఇస్తున్న మాట నిజమే, అందరూ ఇస్తున్న మాట కూడ నిజమే అన్న అర్థం వచ్చేటట్లు ఒప్పుకొన్నాడు. ప్రెస్టన్‌ను పోటీనుండి తొలగించినారు. ఉత్తరదేశపు జట్లు తమకు వేరే సంఘం స్థాపించుకొంటామని బెదిరించినవి. తుదకు 1885 జూలై 20న అసోసియేషన్‌వారు వృత్తి ఆటగాళ్లను అంగీకరించినారు. అందులోను ఆంక్షలు పెట్టినారు. కప్పు పోటీలలో ఆడదలచిన వృత్తి ఆటగాడు ఆ మైదానానికి ఆరు మైళ్ల లోపల పుట్టినవాడైనా కావాలి, రెండేండ్లు నివసించినవాడైనా కావాలి. వృత్తి ఆటగాడు సంఘాలలో సభ్యుడుగా కూర్చుండరాదు. కాళ్లు కావాలి, మాట అక్కరలేదు.

డబ్బు పుచ్చుకొనడాన్ని ఆక్షేపించినవారి వాదంలో సారం లేకపోలేదు. ఆట ఆటకొరకే ఆడాలన్నది ఉదాత్తమైన ఆదర్శం. మన సాహిత్యంలో ఇట్టి ఆదర్శానికి పోతనను ఉదాహరిస్తాము. ఆయన తన భాగవతాన్ని రాజుకు అంకితమీయక హలం పట్టి జీవించినాడని చెప్పుకొంటాము. శ్రీనాథుడు రాజాశ్రయాలలో భోగించినాడని అంటాము. ఇద్దరి కవిత్వాన్నీ తలకెత్తుకొంటాము. ఐతే ఒక్క విషయం మరువరాదు. పోతన కానుక నిరాకరించినప్పుడు తన అన్నం తానే పండించుకొన్నాడు. ఈటన్ ఆటగాళ్లు డబ్బు అక్కరలేదన్నప్పుడు వారి అన్నం మరెవరో పండించి పెట్టినారు. తరతరాల ఎస్టేటులు, బ్యాంకులు వెనుక ఉన్నవానికి కూలిని తిరస్కరించడం త్యాగం కాదు. అవి లేనివానిపై అదే నియమం మోపడం న్యాయం కాదు.

పాఠం చెప్పి జీతం పుచ్చుకొనే ఉపాధ్యాయుని విద్య మలినమైనదని మనం అనము. జీతం కొరకు పాఠాన్ని పాడుచేస్తే అంటాము. సూటర్ విషయంలోను గీటురాయి అదే కావాలి. డబ్బు పుచ్చుకొని అతడు ఆటను తక్కువ చేసినాడా? మూడు తుదిపోటీల ఫలితాలు అతని తరఫున సాక్ష్యం పలుకుతున్నవి.

తలుపు తెరచినవాని తరువాత

వృత్తి ఆటను గెలిపించిన కథ ఇంతటితో ముగిస్తే వినడానికి బాగుంటుంది. కాని చరిత్ర అట్లు ఆగలేదు. 1888లో పన్నెండు జట్లతో ఫుట్‌బాల్ లీగు ఏర్పడింది. రోవర్స్ అందులో ఒకటి. ముప్పదియొక్క ఏండ్ల సూటర్ ఆ లీగులో ఆడినది ఒకే ఒక పోటీ. 1888 డిసెంబరు 22న వెస్ట్ బ్రామ్‌విచ్ జట్టుపై జరిగిన ఆ పోటీలో కూడ అతడు తన స్థానంలో ఆడలేదు, గోల్‌కీపరుగా నిలిచినాడు. తాను దారి వేసిన వృత్తి రాజమార్గమయ్యేసరికి అతని వయసు దాటిపోయింది.

దారి వెడల్పైనకొలది చిన్నవారు ప్రక్కకు నెట్టబడినారు. 1883లో కప్పు గెలిచిన బ్లాక్‌బర్న్ ఒలింపిక్ జట్టు జీతాలు ఇచ్చుకొనలేక 1889లో మూతపడింది. డార్వెన్ 1891లో లీగులో చేరింది గాని, 1898-99లో వరుసగా పదునెనిమిది పోటీలు ఓడి, ఆ ఏడాది మొత్తం మీద 141 గోళ్లు సమర్పించుకొని లీగునుండి నిష్క్రమించింది. ప్రభువులను మూడుసార్లు మైదానానికి రప్పించిన ఊరికి ఆ గతి పట్టింది.

ఆటగాళ్ల స్థితి మరింత విచిత్రం. సూటర్ దొంగచాటుగా డబ్బు పుచ్చుకొన్నాడు. ఐనా తన ఇష్టం వచ్చిన జట్టుకు నడిచిపోగలిగినాడు. 1890 తరువాతి ఆటగాడు బాహాటంగా జీతం పుచ్చుకొన్నాడు. కాని జట్టు యజమానులు విడిచిపెట్టితే తప్ప మరొక జట్టులో అడుగుపెట్టలేకపోయినాడు. 1901 నుండి వారానికి నాలుగు పౌండ్లకు మించి ఈయరాదన్న నియమం కూడ వచ్చింది. జీతానికి గల ఆ హద్దు 1961లో తొలగింది. జట్టు మారే హక్కును అణచిన పద్ధతి అన్యాయమని 1963లో న్యాయస్థానం తీర్పు చెప్పింది. డార్వెన్ నుండి బ్లాక్‌బర్న్‌కు సూటర్ నడిచిన ఆ కొలది మైళ్ల దారిని అతని తరువాతివారు తిరిగి సంపాదించుకొనడానికి ఎనుబది ఏండ్లు పట్టినదన్నమాట.

చివరి రోజులు

ఆట విరమించిన తరువాత సూటర్ సారాయి అమ్ముటకు అనుమతిగల హోటలు నడిపి జీవించినాడు. ఆనాటి ఆటగాళ్లలో చాలమందికి అదే గతి. పేరు చూచి జనం వస్తారు, జనం వస్తే వ్యాపారం సాగుతుంది. అతడు ధనవంతుడు కాలేదు, దిక్కులేనివాడూ కాలేదు. పనిచేసి బ్రతికినవానికి తగినట్లు సామాన్యంగా కాలం గడిపినాడు.

1916 జూలై 31న సముద్రతీరాన ఉన్న బ్లాక్‌పూల్ పట్టణంలో అతడు మరణించినాడు. అప్పటికి అతని వయసు ఏబది ఎనిమిది. ఫ్రాన్సులో సోమ్ యుద్ధం మొదలై సరిగా నెల. బ్లాక్‌బర్న్ ప్రక్కనున్న ఆక్రింగ్టన్ ఊరి యువకుల పటాలం ఆ యుద్ధపు మొదటి ఉదయాన్నే చాలవరకు నేలకూలింది. ఊరూరా ఇంటింటా మృతుల పేర్లు వినవస్తున్న ఆ రోజులలో ఒక పాత బంతాటగాని చావు ఎంతమందిని కదిలించగలదు?

సూటర్ గతించిన పదునైదేండ్లకు, 1931 సెప్టెంబరులో, మన మహాత్ముడు డార్వెన్ వెళ్లినాడు. విదేశీవస్త్ర బహిష్కారం వలన పని కోల్పోయిన మిల్లు కార్మికులను వారి ఊరిలోనే కలిసికొని మాట్లాడినాడు. తమ కూటికి అడ్డు వచ్చిన ఆ మనిషిని ఆ కార్మికులు ఆదరంతో చూచినారు. శ్రమ చేసేవాడు శ్రమ చేసేవాని కష్టాన్ని గ్రహించగలడనడానికి అంతకంటె నిదర్శనం అక్కరలేదు. సూటర్‌ను తొలుత ఆదరించిన ఊరు, అతనిపై ఆగ్రహించిన ఊరు కూడ అదే.

ఆట కూడ ఒక పని. దానిని నేర్చుకొనడానికి కాలం, దేహం, ఓపిక ఖర్చవుతవి. ఖర్చైనదానికి ప్రతిఫలం అడగడంలో సిగ్గుపడవలసినది లేదు. పుచ్చుకొన్నదానికి తగినట్లు పని చేయకపోవడంలోనే సిగ్గు ఉన్నది. ఫెర్గస్ సూటర్ ఈ మాట నోటితో చెప్పలేదు. పదేండ్లపాటు వెనుక వరుసలో నిలిచి, వచ్చిన బంతినల్లా ఆపి, తనవానికి అందించి చూపినాడు.